కారు కింద టకటక: రాయగడ వైపు కార్లవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు

మా కార్ల రిపేరు షెడ్డు ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న రాయగడలో. గుణుపురం, మునిగుడ, బిస్సంకటక్ నుంచి, అప్పుడప్పుడూ కొరాపుట్ నుంచి కార్లు వస్తుంటాయి. పార్వతీపురం నుంచి చుట్టాలింటికి వచ్చి, తిరిగి వెళ్లే ముందు "ఓసారి కింద చూడండి" అని ఆగేవాళ్లూ ఉంటారు. నంబరు ప్లేటు మీద ఓడీ 18 ఉన్నా, ఏపీ ఉన్నా చెప్పేది ఒకటే: "కింద ఏదో కొట్టుకుంటోంది మేస్త్రీ." ఆ వెంటే ఇంకో మాట: "షాకబ్సర్లు పోయినట్టున్నాయి, మార్చేయండి." విప్పి చూస్తే చాలాసార్లు షాకబ్సర్లు శుభ్రంగా ఉంటాయి. పోయింది జానెడు రాడ్డో, పిడికెడు రబ్బరో అయ్యుంటుంది. ఫోన్లో అదే సమాధానం రోజూ చెప్పలేక ఇలా రాసి పెడుతున్నాను.

ఇక్కడ చెప్పేది ఏ కార్లకు పనికొస్తుంది?

ఇంటిల్లిపాదీ ఎక్కే మామూలు కార్లకు. స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, ఐ10, ఐ20, టియాగో, ఇలాంటివి. వీటన్నిటికీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది, అంటే స్ప్రింగూ షాకబ్సరూ ఒకే కడ్డీకి అమరి ఉంటాయి. వెనక రెండు చక్రాల్నీ కలిపే దూలం ఒకటి ఉంటుంది. బొలెరో లాంటి వాటికి వెనక కమాన్ పట్టీలు ఉంటాయి కాబట్టి వాటి గోల వేరు. అది ఇక్కడ రాయడం లేదు.

శబ్దం ఎక్కణ్నుంచి వస్తోందో తెలియడం లేదు. ముందు అది కనిపెట్టాలి కదా?

అక్కడే అందరూ బోల్తా పడతారు. కారు బాడీ అంతా రేకు. ఒక మూల కొట్టుకుంటే ఇంకో మూల వినిపిస్తుంది. ఎడమ చక్రం దగ్గరి శబ్దం డ్రైవర్ కాళ్ల కింద మోగినట్టుంటుంది. వెనక సీటు కింద అనుకున్నది ముందు నుంచి వస్తుంటుంది. చెవిని నమ్ముకుని "కుడి పక్కే, ఖాయం" అని చెప్పిన వాళ్లలో చాలామందికి ఎడమ పక్క సామాను మార్చి పంపాను.

మీరు చూసుకోవాల్సింది ఎప్పుడు వస్తోంది అన్నది. ఏ స్పీడులో? చిన్న గతుకు మీదా, పెద్ద గుంతలోనా? బ్రేకు వేస్తేనా, స్టీరింగ్ తిప్పితేనా? ఒక్కరే ఉన్నప్పుడా, అయిదుగురు ఎక్కితేనా? పొద్దున చల్లగా ఉన్నప్పుడా, ఎండ ఎక్కాకా? ఈ సంగతులు రెండు రోజులు గమనించి కాగితం మీద రాసుకురండి. రిటైరైన మాస్టారు ఒకాయన అలాగే చీటీ రాసుకొచ్చారు: "ఖాళీ కారు, 20 స్పీడు, కంకర రోడ్డు: టకటక. తారు రోడ్డు: లేదు. బ్రేకు మీద కాలు ఆనిస్తే: ఆగిపోతుంది." కారు జాకీ మీద ఎక్కించక ముందే అది బ్రేకు ప్యాడ్ల గోల అని తెలిసిపోయింది. చీటీ లేకపోతే సగం రోజు పోయేది, ఆయన డబ్బూ పోయేది.

చిన్న చిన్న గతుకుల మీద టకటక, పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద మాత్రం చప్పుడే లేదు. ఇదేం విచిత్రం?

విచిత్రమేం లేదు. రోజూ చూసేదే. ముందుగా లింక్ రాడ్లను అనుమానించాలి.

ముందు రెండు చక్రాల మధ్య అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, స్టెబిలైజర్ బార్ అంటారు. మలుపులో కారు ఒక పక్కకు ఒరిగిపోకుండా పట్టేది అదే. దాని రెండు కొసల్నీ స్ట్రట్లకు కలిపేవి లింక్ రాడ్లు. ఒక్కో లింకుకు పైనా కిందా చిన్న గుండు కీళ్లుంటాయి. ఆ కీలు అరిగి లూజైతే టకటక మొదలవుతుంది.

స్పీడ్ బ్రేకర్‌ను తిన్నగా ఎక్కినప్పుడు రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి. బార్ మొత్తం కలిసే కదులుతుంది, మెలిక పడదు. లింకుకు పెద్దగా పని ఉండదు కాబట్టి చప్పుడు రాదు. కంకర రోడ్డు మీద అలా కాదు. ఎడమ చక్రం లేచినప్పుడు కుడి చక్రం దిగుతుంది, మరుక్షణం తిరగబడుతుంది. లింకు మీద ఒకసారి లాగుడు, ఒకసారి తోపుడు. అరిగిన కీలు ఆ సందులో కొట్టుకుంటుంది.

దీన్ని మీరే పరీక్ష చేసుకోవచ్చు. ట్రాఫిక్ లేని చోట ఒక స్పీడ్ బ్రేకర్ చూసుకోండి. మెల్లగా, తిన్నగా ఒకసారి ఎక్కించండి. తర్వాత అదే స్పీడులో ఐమూలగా, ఒక చక్రం తర్వాత ఒకటి ఎక్కేలా పోనివ్వండి. తిన్నగా పోతే నిశ్శబ్దం, ఐమూలగా పోతే టక్, టక్ అంటే లింక్ రాడ్లో, బార్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే రబ్బరు బుష్‌లో అయ్యుంటాయి. ఆ బుష్‌లు ఇంగ్లీషు డి అక్షరంలా ఉంటాయి, అందుకని షాపులో డి బుష్ అంటే ఇస్తారు.

షెడ్డులో ఇంకో పరీక్ష ఉంది. రెండు లింకులూ విప్పి, దేనికీ తగలకుండా కట్టేసి, ఊరి రోడ్డు మీద నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతాం. చప్పుడు మాయమైతే దొంగ దొరికినట్టే. మలుపుల్లో కారు మామూలుకంటే ఎక్కువ ఒరుగుతుంది కాబట్టి ఈ పని మెకానిక్‌కు వదిలేయండి.

లింక్ రాడ్లు సస్పెన్షన్‌లో చవకైన సామాన్లలో ఒకటి. మార్చడానికి గంట పట్టదు. కారు పాతదైతే రెండూ కలిపి మార్పించుకోండి, ఒకటి అరిగిన రోడ్ల మీదే రెండోదీ తిరిగింది.

పెద్ద గుంతలో పడితే "ధబ్" మంటుంది. షాకబ్సరేనా?

కావచ్చు. కానీ అనుమానితులు నలుగురు.

మొదటిది స్ట్రట్ మౌంట్. స్ట్రట్ పైభాగం కారు బాడీకి ఆనే చోట ఉండే రబ్బరు. అది చీలితే ఇనుము ఇనుముకు తగిలి ధబ్ మంటుంది. బోనెట్ ఎత్తి, ఒక మనిషి కారు మూలను కిందికి నొక్కి వదులుతుంటే, మౌంట్ మీద వేలు ఆనించి చూడండి. లోపల లూజుంటే వేలికి తెలుస్తుంది.

రెండోది లోయర్ ఆర్మ్ వెనక బుష్. లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని కింది నుంచి కారు ఫ్రేముకు కలిపే ఇనుప చెయ్యి. ఇది ఆర్మ్‌ను ముందుకీ వెనక్కీ పట్టి ఉంచుతుంది. చీలితే గుంతలోనూ, బ్రేకు వేసినప్పుడూ రెండు చోట్లా మోగుతుంది.

మూడోది బంప్ స్టాప్. షాకబ్సర్ కడ్డీ మీద ఉండే నురుగు లాంటి మెత్తటి ముక్క. స్ప్రింగు పూర్తిగా నలిగినప్పుడు దెబ్బ ఇది కాయాలి. పాత కార్లలో పొడిపొడిగా రాలిపోయి, చేత్తో పట్టుకుంటే బూడిదలా ఉంటుంది.

నాలుగోది మనమే. అయిదుగురి కారులో ఏడుగురు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఇది మామూలే, నేనూ చేశాను. అప్పుడు స్ప్రింగు ముందే సగం నలిగి ఉంటుంది, చిన్న గుంతకే అడుగు తగులుతుంది. బస్తాలు దింపాక చప్పుడు పోతే కారుకు జబ్బేం లేదు.

మరి షాకబ్సర్ నిజంగా పోయిందని ఎలా తెలుస్తుంది?

షాకబ్సర్ పాడైతే చప్పుడు కంటే ఊగడం ముందు వస్తుంది. స్పీడ్ బ్రేకర్ దిగాక కారు ఒకసారి లేచి కుదురుకోవాలి. ఉయ్యాలలా రెండు మూడుసార్లు ఊగితే అనుమానించండి. కారు ఒక మూల గట్టిగా నొక్కి వదిలే పాత పరీక్ష బాగా పోయిన వాటినే పట్టిస్తుంది. సగం పోయినవి ఆ పరీక్షలో పాసైపోతాయి, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకండి.

తర్వాత నూనె చూడాలి. షాకబ్సర్ మీద పలచటి తడి పొర ఉంటే పర్వాలేదు, కంగారు పడొద్దు. నూనె కారి, దాని మీద మన ఎర్రమట్టి పేరుకుని ముద్దలా ఉంటే అది పోయినట్టే. టైరు మీద చెయ్యి పెట్టి చుట్టూ నిమిరి చూడండి. ఎత్తుపల్లాలుగా, అలలు అలలుగా అరిగితే చక్రం రోడ్డు మీద గెంతుతోందని అర్థం.

మార్చేటప్పుడు ముందువైతే ముందు రెండూ, వెనకవైతే వెనక రెండూ మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క ముసలిది ఉంటే బ్రేకు వేసినప్పుడూ మలుపులోనూ కారు ఒకేలా ఉండదు. ముందు స్ట్రట్ విప్పుతున్నారంటే మౌంట్, బేరింగ్, బంప్ స్టాప్, దుమ్ము తొడుగు కూడా అప్పుడే చూపించుకోండి. మళ్లీ అదే పని విప్పితే కూలి మళ్లీ ఇవ్వాలి.

స్ట్రట్ నేనే ఇంట్లో విప్పుకోవచ్చా? వీడియోలో తేలిగ్గానే ఉంది.

వద్దు. స్ప్రింగు నొక్కుడులో ఉంటుంది. దాన్ని స్ప్రింగ్ కంప్రెసర్‌తో బిగించకుండా పై నట్టు తీస్తే ఎగిరి మొహానికి తగులుతుంది. ఈ ఒక్క పనిలో నేను ఎవరికీ ధైర్యం చెప్పను.

కారు నిలబెట్టి స్టీరింగ్ తిప్పుతుంటే "టంగ్" మని స్ప్రింగు జారినట్టు చప్పుడు.

స్ప్రింగు జారినట్టు ఉందంటున్నారు, జరిగేది కూడా అదే. స్ట్రట్ పైన ఒక బేరింగు ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు దానితోపాటు సాఫీగా తిరగాలి. బేరింగులో దుమ్ము, తుప్పు చేరితే స్ప్రింగు తిరగకుండా మెలిపడి, ఒక్కసారిగా వదులుతుంది. ఆ వదలడమే టంగ్. ఇంట్లో ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే చక్రం పక్కన నిలబడి చూడండి, స్ప్రింగు ఆగి ఆగి దుమకడం కంటికే కనిపిస్తుంది. వేళ్లు స్ప్రింగు చుట్ల మధ్య పెట్టకండి.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే కటకటకట అంటుంది.

అది సస్పెన్షన్ కాదు. యాక్సిల్ బయటి జాయింట్. దాని రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటికి చిమ్మి, మట్టి లోపలికి పోయి ఉంటుంది. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మిన మరకలు ఉన్నాయేమో చూడండి. తొడుగు చిరిగిందని ముందే చూసుకుంటే తొడుగూ గ్రీజూ మారిస్తే సరిపోతుంది. కటకట మొదలయ్యాక జాయింటే మార్చాలి.

స్పీడు పెరిగేకొద్దీ "గుయ్" అంటోంది. మాటలు వినపడటం లేదు.

వీల్ బేరింగో, అరిగిన టైరో. ఖాళీ రోడ్డు మీద అదే స్పీడులో స్టీరింగ్ కొంచెం ఎడమకీ కుడికీ మళ్లించి చూడండి. ఎడమకు మళ్లితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు గుయ్‌మనడం పెరిగితే కుడి బేరింగును అనుమానించాలి. మళ్లించినా తేడా లేకుండా, రోడ్డు మారినప్పుడు మాత్రమే చప్పుడు మారితే టైర్లు చూపించుకోండి. రాయగడ నుంచి కొరాపుట్ వైపు వెళ్తుంటే రోడ్డు నున్నగా ఉన్న చోటా గరుకుగా ఉన్న చోటా ఈ తేడా బాగా తెలుస్తుంది.

బ్రేకు వేస్తే ఒక్క "టక్". తర్వాత ఏమీ లేదు.

ఇంటి ముందే చూసుకోవచ్చు. నడక స్పీడులో ముందుకు పోనిచ్చి బ్రేకు వేయండి. తర్వాత రివర్సులో పోనిచ్చి వేయండి. దిశ మారిన మొదటిసారి చిన్నగా "టిక్" అనడం బ్రేకు ప్యాడ్ తన చోటులో సర్దుకునే చప్పుడు, అది ఉండేదే. ప్రతిసారీ గట్టిగా, కాళ్ల కింద తగిలినట్టు టక్ అంటే లోయర్ ఆర్మ్ బుష్ చూడాలి. ఆ టక్ చేతికి, అంటే స్టీరింగులో తెలిస్తే టై రాడ్ ఎండు, స్టీరింగ్ ర్యాక్ వైపు వెళ్లాలి. స్టీరింగ్ తిప్పుడును పక్కకు తోసేది ర్యాక్, దాన్ని చక్రానికి కలిపే కడ్డీ టై రాడ్, ఆ కడ్డీ కొసన ఉండే కీలు టై రాడ్ ఎండు.

మాస్టారి చీటీలో ఉన్నది దీనికి తలకిందులు. గరుకు రోడ్డు మీద టకటకలాడుతున్నది బ్రేకు మీద మెల్లగా కాలు ఆనిస్తే ఆగిపోతే, ప్యాడ్లో, కాలిపర్ (ప్యాడ్లను పట్టి నొక్కే భాగం) పిన్నులో లూజుగా ఉన్నట్టు.

వర్షాకాలంలో కిర్రుమనడం పోతుంది, ఎండాకాలం వస్తే మళ్లీ మొదలు. కారుకు దయ్యం పట్టిందంటారు ఇంట్లో.

ఈ దయ్యం పేరు ఎండిపోయిన రబ్బరు బుష్. తడి తగిలితే రబ్బరుకూ ఇనుముకూ మధ్య జారుడు వచ్చి నోరు మూసుకుంటుంది, ఆరగానే మళ్లీ మూలుగుతుంది. మా దగ్గర వానాకాలం గట్టిగానే ఉంటుంది కాబట్టి ఈ ఫిర్యాదుతో వచ్చేవాళ్లు సాధారణంగా వానలు వెనకబట్టాకే కనిపిస్తారు.

ఏ బుష్ అన్నది పట్టుకోవడం తేలిక. ఇస్త్రీకి నీళ్లు చల్లే సీసా ఉంటుంది కదా, అది తీసుకోండి. ఒకరు కారును కిందికీ పైకీ ఊపుతూ కిర్రుమనిపిస్తుంటే, మీరు ఒక్కో బుష్ మీద నీళ్లు కొట్టండి. ఒకటి తడిపి, ఊపి, విని, తర్వాత ఇంకోటి. అన్నీ ఒకేసారి తడిపేస్తే ఏం తెలియదు. ఏది తడిస్తే చప్పుడు ఆగిందో అదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డీజిలు, పాత ఇంజనాయిలు, మామూలు గ్రీజు రబ్బరు మీద పోయకండి. పోయగానే చప్పుడు పోతుంది, అందుకే చాలా చోట్ల పోస్తారు. పెట్రోలియం నూనె తగిలిన రబ్బరు ఉబ్బి, మెత్తబడి, కొన్నాళ్లకు చీలుతుంది. కిర్రు పోయి ధబ్ వస్తుంది. తాత్కాలికంగా ఏదైనా కొట్టాలంటే సిలికాన్ స్ప్రే కొట్టండి. బాల్ జాయింటు, అంటే లోయర్ ఆర్మ్ కొసన చక్రం వైపు ఉండే గుండు కీలు, ఎండి కిర్రుమంటుంటే దానికి స్ప్రే ఏమీ చేయదు, అది మార్చాల్సిందే.

సస్పెన్షన్ కాకుండా అలాంటి చప్పుడే చేసేవి ఏమున్నాయి?

చెప్పుకుంటే నవ్వొస్తుంది. ఒకాయన వెనక "దడదడ" అని నెల రోజులు తిరిగారు. వేరే చోట వెనక షాకబ్సర్లు కూడా మార్పించుకున్నారు. మా దగ్గరికొచ్చాక నేను వెనక సీటు కింద చెయ్యి పెడితే కొబ్బరికాయ తగిలింది. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లినప్పుడు సంచీలోంచి జారింది. బ్రేకు వేస్తే ముందుకీ, ఎత్తెక్కితే వెనక్కీ దొర్లుతోంది. ఆయన ఆ కాయ అక్కడే కొట్టి అందరికీ పెట్టారు.

కాబట్టి షెడ్డుకు వచ్చే ముందు కారు మొత్తం ఖాళీ చేయండి. జాకీ, పానాలు కట్టి ఉన్నాయా? స్టెప్నీ బోల్టు బిగుతుగా ఉందా? తలుపు అరల్లో నీళ్ల సీసాలు తీసేశారా? వెనక సీటు బెల్టు బకిల్ ప్లాస్టిక్కుకు తగులుతోందా? సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు తెగాయా? సైలెన్సర్ మీది వేడి కాసే రేకు ఊడితే ఇంజను ఒక స్పీడులో ఉన్నప్పుడే గరగరలాడుతుంది, గేరు న్యూట్రల్లో పెట్టి రేజ్ చేసినా వస్తుంది. నిలబడిన కారులో వచ్చే ఏ గరగరా సస్పెన్షన్‌ది కాదు.

జాకీ ఎక్కించి నేను చూసుకోగలిగేది ఏమైనా ఉందా?

ఉంది, జాగ్రత్తగా. సమంగా ఉన్న నేల, హ్యాండ్ బ్రేకు, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం. జాకీ మీదున్న కారు కిందికి దూరకండి. దూరాలంటే స్టాండు వేయాల్సిందే.

చక్రం గాల్లో ఉన్నప్పుడు గడియారంలో 9, 3 ఉండే చోట్ల రెండు చేతులతో పట్టి ఆడించండి. లూజు ఉంటే టై రాడ్ వైపు. 12, 6 చోట్ల పట్టి ఆడిస్తే లూజు వచ్చిందా? అప్పుడు ఇంట్లో ఎవరినైనా బ్రేకు గట్టిగా తొక్కమనండి. తొక్కితే లూజు పోయింది అంటే బేరింగు. తొక్కినా ఉంది అంటే బాల్ జాయింటు. వెనక చక్రాలకు బాల్ జాయింటు ఉండదు కాబట్టి అక్కడ దాదాపు బేరింగే.

స్ప్రింగు కింది చుట్టు కూడా చూడండి. విరిగితే ఎక్కువగా అక్కడే విరుగుతుంది, మట్టి పేరుకుని కనిపించదు. కారు ఒక పక్క దిగినట్టుంటే టార్చి వేసి చూడాల్సిందే.

లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్పించి మూడు నెలలు కాలేదు, మళ్లీ అదే చప్పుడు. సామాను నకిలీదా?

నకిలీ అయ్యుండొచ్చు. కానీ దానికంటే ముందు అడగాల్సింది: బోల్టు ఎప్పుడు బిగించారు?

లోయర్ ఆర్మ్ బుష్‌లో లోపల ఒక ఇనుప గొట్టం, దాని చుట్టూ రబ్బరు అతికి ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ గొట్టం ఫ్రేముకు బిగుసుకుపోతుంది. ఆర్మ్ కదిలినప్పుడు రబ్బరు మెలిపడి మళ్లీ తన చోటికి వస్తుంది. గొట్టం జారడం ఉండదు. కారు జాకీ మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది, ఆర్మ్ కూడా కిందికి వాలుతుంది. అలా ఉండగానే బోల్టు పూర్తిగా బిగిస్తే రబ్బరుకు ఆ వాలుడే మామూలు స్థితి అయిపోతుంది. కారు దించగానే ఆర్మ్ పైకి వస్తుంది, రబ్బరు మెలిపడుతుంది. ఇంటి ముందు కారు నిలబడి ఉన్నా సరే ఆ మెలికలోనే ఉంటుంది. ఇక రోడ్డెక్కితే చీలకేం చేస్తుంది.

సరైన పద్ధతి ఏంటంటే, బోల్టులు చేత్తో పట్టించి, కారు దించి, బరువు నాలుగు చక్రాల మీద పడ్డాక పూర్తిగా బిగించాలి. గొయ్యి ఉన్న షెడ్డులో ఇది తేలిక. లేకపోతే ఆర్మ్ కింద ఇంకో జాకీ పెట్టి, కారు నిలబడే ఎత్తుకు లేపి బిగించాలి. పని నేర్చుకునే రోజుల్లో నాకు ఇది ఎవరూ చెప్పలేదు. జాకీ మీదే బిగించి పంపేవాణ్ని. అవే కార్లు తిరిగొస్తుంటే కంపెనీని తిట్టుకునేవాణ్ని. తప్పు నా పానాది అని తెలిసేసరికి చాలామంది డబ్బు పోయింది.

మీరు మెకానిక్‌ను అడగడానికి మొహమాటపడకండి. "కారు దించాక బిగిస్తారా?" అన్న ఒక్క ప్రశ్నతో, ఎదుటివాడికి పని తెలుసో లేదో మీకు తెలిసిపోతుంది.

అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉండేలా సరిచేయడం) ప్రతిసారీ చేయించాలా?

ముందు స్ట్రట్, లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్ వీటిలో ఏది విప్పినా చేయించండి. లింక్ రాడ్డుకూ, డి బుష్‌కూ అక్కర్లేదు. లూజు సామాను ఉండగా అలైన్‌మెంట్ చేయించడం డబ్బు దండగ.

స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెడితే చప్పుడు పోతుందని ఒకరు చెప్పారు.

కారు కొంచెం ఎత్తు లేస్తుంది, అడుగు తగలడం తగ్గుతుంది, నిజమే. కానీ ఆ చుట్లను కదలనివ్వకుండా చేసి స్ప్రింగును బిగుసుగా మార్చడమే అది చేసే పని. గుంత దెబ్బ స్ప్రింగు మింగకపోతే మౌంటుకూ, బాడీకీ, మీ నడుముకూ పోతుంది. అరిగిన లింకు చప్పుడు బఫరుతో పోదు. నా మట్టుకు నేను పెట్టను. ఎవరైనా పట్టుబట్టి పెట్టించుకుంటే ఆపనూ ఆపను.

సామాను ఎక్కడ కొనాలి?

కారు కంపెనీ అసలు సామాను దొరికితే అదే. మాకు చాలావరకు విజయనగరం నుంచీ, విశాఖ నుంచీ బస్సు పార్సిల్లో వస్తుంది. బరంపురం నుంచి తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. పాత సామాను మీది పార్టు నంబరు ఫొటో తీసి పంపించి ఆర్డరు పెట్టండి, ఒకే కారులో మోడల్ మారితే లింకు పొడవు మారుతుంది. పాత సామాను మాత్రం విప్పాక అడిగి తీసుకోండి. నిజంగా అరిగిందో లేదో చేత్తో ఆడించి చూస్తే మీకే తెలుస్తుంది.

మెకానిక్ ఒడియా మనిషి, నాకు ఒడియా సరిగా రాదు. ఎలా చెప్పాలి?

ఈ ప్రశ్న మైదానం నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లది. ఇక్కడి మెకానిక్‌లలో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, భయం లేదు. అయినా నాలుగు మాటలుంటే మంచిది. "గాడిరు శబ్ద హేఉఛి" అంటే కారులోంచి చప్పుడు వస్తోంది. "ఆగ చక" ముందు చక్రం, "పఛ చక" వెనక చక్రం. రాసేది అకారమే గానీ పలికేటప్పుడు ఒకారం వైపు వెళ్తుంది, రెండు రోజులు వింటే నోటికి వచ్చేస్తుంది.

ఇక అసలైన ముక్క "ఎప్పుడు" అన్నది. మనకు "పడితే", "వేస్తే"లో "తే" ఎలాగో వాళ్లకు చివర "లే" అలాగ. "ఖాలరే పడిలే" అంటే గుంతలో పడితే. "బ్రేక్ మారిలే" అంటే బ్రేకు వేస్తే. "స్టీరింగ్ బులాఇలే" అంటే స్టీరింగ్ తిప్పితే. ఈ మూడింటితో మీ చీటీ సగం చదివి వినిపించినట్టే.

ఈ చప్పుడుతోనే రేపు విశాఖ వెళ్లి రావచ్చా?

ఏ చప్పుడన్నది తేలితే చెప్పగలను. లింక్ రాడ్డు, డి బుష్, ఎండిన బుష్ కిర్రు అయితే వెళ్లి రండి, వచ్చాక చూద్దాం. షాకబ్సర్ కారుతుంటే ఘాట్‌లో స్పీడు తగ్గించి, బరువు తగ్గించి వెళ్లాలి. కొరాపుట్ దారిలోని సుంకి ఘాట్ మలుపుల్లో సాలూరు వైపు దిగేటప్పుడు చక్రం గెంతితే బ్రేకు పట్టు తగ్గుతుంది.

బాల్ జాయింటు లూజు, టై రాడ్ ఎండ్ లూజు, విరిగిన స్ప్రింగు, గట్టిగా గరగరలాడే వీల్ బేరింగు, ఈ నాలుగింట్లో ఏదున్నా కారు కదపకండి. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు పడుకుంటుంది. టై రాడ్ ఊడితే స్టీరింగ్ మీ చేతిలో ఉంటుంది గానీ ఆ చక్రం ఉండదు. బస్సుంది, రైలుంది. మీరు అటు వెళ్లొచ్చేలోగా నేను ఇటు సామాను తెప్పించి పెడతాను.

లింకు చప్పుడుతోనే బయల్దేరుతున్నవాళ్లు డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీద ఉన్నంత గాలి టైర్లలో ఉందో లేదో చూసుకోండి. నిండా ఎక్కితే ఎంత ఉండాలో కూడా అక్కడే రాసి ఉంటుంది. స్టెప్నీలో కూడా చూడండి. వెనక సీటు కింద ఓసారి చెయ్యి పెట్టి చూశాక తాళం తిప్పండి.